దానశీలి హాజీ ముహమ్మద్ మొహ్సిన్

వంగదేశంలో కలకత్తాకు ఎగువన, హుగ్లీ నదీతీరాన, ఎత్తైన గడియారపు గోపురంతో ఒక ఇమాంబారా నిలిచి ఉన్నది. దాని సమీపంలోనే హాజీ ముహమ్మద్ మొహ్సిన్ సమాధి ఉన్నది. ఏటేటా ఉపకార వేతనాల దరఖాస్తులు నింపే మన విద్యార్థులలో ఈ మహనీయుని పేరు ఎరిగినవారు బహు కొద్దిమంది. మన దేశంలో ముస్లిం విద్యార్థుల రుసుములకై వినియోగింపబడిన నిధులలో ఎన్నదగినది ఆయన నిధియే.

మొహ్సిన్ 1732లో హుగ్లీలో జన్మించారు. తండ్రి హాజీ ఫైజుల్లా. పూర్వీకులు పారశీక దేశం నుండి వచ్చినవారు. తల్లికి ప్రథమ వివాహం వలన కలిగిన మన్నూజాన్ ఆయనకు అక్క. ఇరువురూ ఇంటివద్ద ఒకే గురువునొద్ద విద్యనభ్యసించారు. మన్నూజాన్‌కు తండ్రి వలన, భర్త వలన విస్తారమైన ఆస్తి సంక్రమించింది. మొహ్సిన్ మాత్రం ఆస్తిపాస్తుల మీద మనసు పెట్టక దేశాటనకు బయలుదేరారు. ఇరాన్, ఇరాక్, అరేబియా, తుర్కీ దేశాలలో ఏండ్ల తరబడి సంచరించి, హజ్ యాత్ర గావించి, వితంతువైన అక్కకు తోడుగా తిరిగి వచ్చారు. 1803లో ఆమె మరణించగా ఆస్తి అంతా ఆయనకే దక్కింది. అప్పటికి ఆయనకు డెబ్బది దాటింది. వివాహం లేదు, సంతానం లేదు.

1806లో ఆయన ఆస్తిని వక్ఫ్ చేశారు. ఆదాయాన్ని 9 భాగాలుగా విభజించి, 3 భాగాలు ఇమాంబారాకు, ధర్మకార్యాలకు. 4 భాగాలు ఉద్యోగుల జీతాలకు, పింఛనులకు, భృతులకు. 2 భాగాలు ముతవల్లీలకు కేటాయించారు. ఆ పత్రంలో కళాశాల ప్రస్తావన లేదు. ఈ సంగతి దాచనవసరం లేదు. విద్యకు ఆ ధనం ఎలా వచ్చిందన్నదే అసలు కథ. 1812 నవంబరులో ఆయన కన్నుమూశారు.

ఆ పిమ్మట ముతవల్లీల నిర్వహణ అస్తవ్యస్తమైంది. కంపెనీ ప్రభుత్వం ఎస్టేటును స్వాధీనం చేసుకున్నది. తొలగింపబడినవారు వ్యాజ్యమాడారు. అది ఇంగ్లండులోని ప్రీవీ కౌన్సిల్ దాకా సాగి 1835లో గాని ముగియలేదు. ఈలోగా ధనం పోగుపడుతూనే ఉన్నది, అందుకోవలసినవారు అందుకోకుండానే. 1836లో ఆ పైకంతోనే హుగ్లీ కళాశాల వెలసింది. బంకించంద్ర ఛటర్జీ అక్కడ చదివినవారే. చదువు ఎవరికి అబ్బినా సంతోషమే. అయితే అందులో ముస్లిం విద్యార్థుల సంఖ్య అత్యల్పం. 1871లో వెలువడిన తన గ్రంథంలో విలియం హంటర్ ఈ విషయాన్ని ఎత్తి చూపారు. నవాబ్ అబ్దుల్ లతీఫ్ ప్రభుత్వానికి విన్నవించుకుంటూ వచ్చారు.

కడకు 1873లో ప్రభుత్వం మనసు మార్చుకున్నది. కళాశాల వ్యయాన్ని సర్కారు ఖజానా మీదికి మళ్ళించి, మొహ్సిన్ నిధిని ముస్లింల విద్యకు వదలివేసింది. దాత వక్ఫ్ పత్రం వ్రాసిన 67 ఏండ్లకు, మరణించిన 61 ఏండ్లకు! రెండు తరాల పిల్లలు ఈ నడుమ చదువు ఈడు దాటిపోయారు. పరీక్ష రుసుము గడువు గడచిన తరువాత మంజూరైన వేతనం పేద విద్యార్థికి ఏ మేరకు ఉపకరిస్తుందో తరగతి గదిలో నిలుచున్నవారందరికీ తెలుసు. మొహ్సిన్ ధనం విషయంలో జరిగినదీ అదే, కాకపోతే కొలత ఏండ్లలో.

1873 ఏర్పాటులో ఒక మెచ్చదగిన అంశమున్నది. ముస్లిం విద్యార్థి చెల్లించవలసిన రుసుములో మూడింట రెండు వంతులు నిధి భరించేది. మిగిలిన ఒక వంతే అతనిది. అనగా సాయం అక్కరకు, అవసరమైన చోటనే అందింది. ఢాకా, చట్టగాం, రాజషాహీలలో మదరసాలు కూడ ఆ నిధితోనే ఏర్పడ్డాయి.

నిధి నిర్వహణ కూడ క్రమంగా చక్కబడింది. హుగ్లీ కళాశాలలోనే 1867లో పట్టభద్రుడైన సయ్యద్ అమీర్ అలీ అనంతర కాలంలో ఇమాంబారా సంఘానికి చిరకాలం అధ్యక్షులుగా ఉన్నారు. హుగ్లీలోను, చట్టగాంలోను కళాశాలలు, ఢాకా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి వసతిగృహం నేటికీ మొహ్సిన్ పేరనే ఉన్నాయి.