నాడి కాదు.. ఊపిరి చూడమన్న లారీ

హైదరాబాద్: మత్తులో ఉన్న రోగికి దవడ వదులై, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డుపడితే ఊపిరి దారి మూసుకుపోతుంది. శస్త్రచికిత్స సమయంలో వైద్యులను నేటికీ హడలెత్తించే ఈ ముప్పును పట్టుకుని, నిజాం రాజధాని పేరును ప్రపంచ వైద్యరంగంలో మార్మోగించిన వారు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ.

ఎడిన్‌బరోలో ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిష్యరికం చేసిన లారీ, 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చారు. ఇక్కడి వైద్య పాఠశాలకూ ఆయనే పెద్ద. ఆ రోజుల్లో మత్తు అంటే గుడ్డపై క్లోరోఫాం చుక్కలు పోసి ముక్కు వద్ద పట్టడమే. గొంతులోకి గొట్టం దించే విధానం ఇంకా వాడుకలోకి రాలేదు. గుండె ఆగడం వల్లే మరణాలు సంభవిస్తున్నాయని నమ్మిన లండన్ వైద్యులు నాడిపై వేలు తీసేవారు కాదు. లారీ దానిని తోసిపుచ్చారు. ముందుగా ఆగేది శ్వాసేనని, దానినే కనిపెట్టి ఉండాలని గురువు బాటలో వాదించారు.

1888లో ఆయన జరిపించిన పరీక్షలను లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. దాంతో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు మంజూరు చేసి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించారు. 1889లో వచ్చిన డాక్టర్ లాడర్ బ్రంటన్ సమక్షంలో నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు సాగాయి. వాటిలో అధికం కుక్కలే. ఆ మూగజీవాల సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తీర్పు మాత్రం లారీ పక్షాన వచ్చింది.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి, మెడ వద్ద, ఛాతీపై బట్టలు వదులు చేయాలి, శ్వాస ఆగితే తల దించి పట్టకారుతో నాలుకను ముందుకు లాగాలి, ఛాతీని నొక్కి వదులుతూ కృత్రిమ శ్వాస అందించాలి. కమిషన్ సూచనల సారాంశమిది. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ నగరంలోనే ఎందరికో క్లోరోఫాం ఇచ్చి, తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందారు.

అయితే పట్టుదల ఆయనను మరో నిజాన్ని చూడనివ్వలేదు. మత్తు పలుచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి, శ్వాస ఆగకముందే ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలతో చూపారు. లారీ వదిలేయమన్న నాడి కూడా అవసరమేనని అలా తేలింది. అప్పటికే ఆయన హైదరాబాద్ కొలువు వీడి పదేళ్లయింది. 1915లో కన్నుమూశారు.