భిన్నాన్ని తిరగేయమన్న మహావీరాచార్యులు

భిన్నాల భాగహారం రాగానే మన పిల్లలంతా ఒకటే మాట అంటారు: తిరగేసి గుణించెయ్యి! ఆ మాటను పదకొండు వందల ఏళ్ల క్రితమే సూత్రంగా రాసిపెట్టిన పెద్దాయన మన కర్ణాటక గడ్డకు చెందినవారు. ఆయనే మహావీరాచార్యులు. జైన తీర్థంకరుడైన వర్ధమాన మహావీరుడు వేరు, ఈయన వేరు.

మహావీరాచార్యులు 9వ శతాబ్దం వారు. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో జీవించారు. కన్నడ పాఠంలో కవిరాజమార్గం గురించి చదువుతాం కదా, ఆ రాజే ఈయన. రాజధాని మాన్యఖేటం, అంటే ఇప్పటి కలబురగి జిల్లాలో కాగిణా నది ఒడ్డున ఉన్న మళఖేడ్.

సుమారు 850లో మహావీరాచార్యులు గణితసార సంగ్రహం అనే పుస్తకాన్ని సంస్కృత శ్లోకాల్లో రాశారు. అంతకుముందు ఆర్యభట్టు, బ్రహ్మగుప్తుడు లెక్కల్ని ఖగోళ గ్రంథాల్లో కొన్ని అధ్యాయాలుగా చెప్పారు. ఈయన మాత్రం లెక్కలకే విడిగా పుస్తకం కేటాయించారు. వ్యాపారం, వంట, వైద్యం, సంగీతం, ఇల్లు కట్టడం, దేనికైనా లెక్క కావాల్సిందే అని మొదట్లోనే చెప్పారు.

భిన్నాలంటే ఆయనకు ఎంతో ఇష్టం. భాగించే భిన్నంలో హారాన్ని లవంగా, లవాన్ని హారంగా మార్చి, తర్వాత గుణకారం లాగే చెయ్యమన్నారు. అలా తిరగేస్తే వచ్చేదాన్నే మనం వ్యుత్క్రమం అంటాం. ఒక సంఖ్యను దాని వ్యుత్క్రమంతో గుణిస్తే 1 రావాలి. అదే పరీక్ష.

పూర్ణసంఖ్య 5 అంటే 5/1, కాబట్టి దాని వ్యుత్క్రమం 1/5. భిన్నం 3/4 అయితే 4/3. రెండున్నరను ముందు 5/2గా మార్చుకోవాలి, అప్పుడు 2/5 వస్తుంది. దశాంశ బిందువు ఆచార్యుల కాలంలో లేదు, కానీ ఆయన దారి దానికీ పనికొస్తుంది. 0.25 అంటే 25/100, అంటే 1/4. తిరగేస్తే 4. అలాగే 0.8 అంటే 4/5. తిరగేస్తే 5/4, అంటే 1.25. కావాలంటే 0.8ని 1.25తో గుణించి చూడండి, సరిగ్గా 1 వస్తుంది.

మరి ఎందుకు తిరగేయాలి? ఆరు లీటర్ల పాలను ముప్పావు లీటరు సీసాల్లో పోస్తున్నాం అనుకోండి. ఒక్క లీటరు పాలకు 4/3 సీసాలు కావాలి, అంటే ఒక నిండు సీసా, ఇంకో సీసాలో మూడో వంతు. ఆరు లీటర్లకు దానికి ఆరింతలు, అంటే 8 సీసాలు. భాగహారం గుణకారంగా మారడంలో మాయేమీ లేదు. ఒక్కదానికి ఎంతో తెలిస్తే ఆరింటికి ఎంతో చెప్పేయొచ్చు, అంతే.

లవంలో 1 ఉన్న భిన్నాలను, అంటే పూర్ణసంఖ్యల వ్యుత్క్రమాలను, ఆయన రూపాంశక రాశులు అన్నారు. వాటిని కూడితే సరిగ్గా 1 వచ్చేందుకు ఒక చక్కని పద్ధతి చెప్పారు. హారాలు 1, 3, 9, 27 అని మూడింతలుగా రాసుకోవాలి. మొదటిదాన్ని 2తోనూ, చివరిదాన్ని 2/3తోనూ గుణించాలి. అప్పుడు హారాలు 2, 3, 9, 18 అవుతాయి. 1/2, 1/3, 1/9, 1/18 కూడితే 1.

ఇంత పెద్ద పండితుడు సున్నా దగ్గర తడబడ్డారు. సున్నాతో భాగిస్తే సంఖ్య మారదని రాశారు. అది సరికాదు. సున్నాను దేనితో గుణించినా సున్నాయే గాని 1 రాదు, కాబట్టి సున్నాకు వ్యుత్క్రమమే లేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యులు సున్నాతో భాగించిన రాశిని అనంతం అన్నారు. నేటి గణితంలో ఆ భాగహారానికి అర్థమే లేదు. ఎంతటివారు చెప్పినా సరిచూసుకోవాలని లెక్కలు నేర్పేది ఇందుకే.

ఇక మనం గర్వపడే సంగతి. కర్ణాటకలో పుట్టిన ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆయన 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కాలం వారని ఎక్కువమంది పండితులు చెబుతారు. ఆ తర్వాత చాలాకాలానికి, 1912లో, మద్రాసులో ఎం. రంగాచార్య ఇంగ్లీషు అనువాదంతో మూలగ్రంథాన్ని అచ్చువేయించారు. అంటే ఇంగ్లీషు కన్నా ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ లెక్కలు తెలుగులో ఉన్నాయి. తెలుగులో లెక్కలు చదివితే ఏం వస్తుందని ఎవరైనా అడిగితే, ఈ సంగతి చెప్పండి.

పిల్లలూ, ఇప్పుడు మీ వంతు. ఆచార్యుల పద్ధతిలో 1ని ఐదు భిన్నాల మొత్తంగా రాయండి. నోటు పుస్తకంలో చేసి లెక్కల మాస్టారికి చూపించండి.