తర్కాన్ని తోడు తెచ్చుకున్న తత్త్వబోధకుడు

దైవాన్ని నమ్మినవాడు ప్రశ్నించవచ్చునా? చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకొని రాంనగర్ ఆలయానికి వచ్చే యువకులు తరచు అడిగే మాట ఇది. మన పెద్దలు శ్రవణం తరువాత మననాన్ని విధించారు. విన్నదానిని యుక్తితో పరిశీలించుకోవడమే మననం. కథోలిక క్రైస్తవంలోనూ ఈ విచారణ చిరకాలంగా సాగింది. ఆ సంప్రదాయంలో పెరిగి, ఒక తెలుగు పండితునికి శిష్యుడైన రాబర్ట్ డి నోబిలి జీవితం ఇందుకు చక్కని దృష్టాంతం.

నోబిలి 1577లో ఇటలీలోని ఒక ఉన్నత వంశంలో జన్మించాడు. కుటుంబానికి ఇష్టం లేకున్నా జెస్విట్ సంఘంలో చేరి దైవశాస్త్రం అభ్యసించాడు. ఆ శాస్త్రానికి ప్రధానాచార్యుడు 13వ శతాబ్దికి చెందిన థామస్ అక్వినాస్. సృష్టికర్త ఒకడున్నాడని బుద్ధి తన శక్తితోనే గ్రహించగలదనీ, త్రిత్వం వంటి రహస్యాలు మాత్రం భగవంతుడు వెల్లడిస్తేనే తెలుస్తాయనీ, రెండింటికీ మూలం ఆయనే కనుక వాటి నడుమ నిజమైన విరోధం ఉండదనీ అక్వినాస్ సిద్ధాంతం.

నోబిలి 1605లో గోవాకు, 1606లో మధురకు చేరాడు. అప్పుడు మధురను పాలిస్తున్నవారు తెలుగు నాయకరాజులు. క్రైస్తవం ఫరంగీల మతమని అక్కడివారు దూరంగా ఉండేవారు. నోబిలి కారణం విచారించి కాషాయం ధరించాడు. మద్యమాంసాలు విడిచి, మట్టి ఇంట ఒంటిపూట శాకాహారంతో జీవించాడు. తమిళం, తెలుగు నేర్చాడు. శివధర్ముడనే తెలుగు బ్రాహ్మణుని వద్ద సంస్కృతం చదివాడు. అన్యదేశీయునికి వేదవిద్య చెప్పడం ఆ పండితునికి పెనుముప్పు. అయినా ఆయన వెనుదీయలేదు.

పూర్వపక్షాన్ని చదివి వాదించిన నోబిలికి తత్త్వబోధకుడనే పేరు వచ్చింది. జ్ఞానోపదేశమే గాక పునర్జన్మను ఖండిస్తూ ఒక గ్రంథం కూడా రచించాడు. మతాంతరమే ఆయన లక్ష్యం. కర్మసిద్ధాంతాన్ని నమ్మే మనకు ఆ నిర్ణయాలు సమ్మతం కావు.

అయితే ఆయనకు అసలు పరీక్ష స్వమతం నుండే ఎదురైంది. యజ్ఞోపవీతం, శిఖ, గంధం ధరించనివ్వడం అపచారమని 1610లో తోటి మతగురువే ఫిర్యాదు చేశాడు. అవి ఆరాధనా చిహ్నాలు కావు, లోకాచారాలని నోబిలి 1613లో మన ధర్మశాస్త్రాల ఆధారంతో లాటిన్ గ్రంథం వ్రాశాడు. 1619 గోవా సభలో అధికులు ఆయనను వ్యతిరేకించారు. చివరకు 1623లో పోపు పదిహేనవ గ్రెగొరీ కొన్ని నియమాలతో అనుమతించాడు.

సంధ్యావందనం చేసేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. యజ్ఞోపవీతం మనకు వైదికకర్మాధికారమే గాని కేవలం లోకాచారం కాదు. నోబిలి తర్కం ఆయన విశ్వాసం నిర్దేశించిన గమ్యానికే చేరింది. యుక్తి బలమైనదే, కానీ అది ఏ శ్రద్ధను ఆశ్రయిస్తే ఆ దారినే నడుస్తుంది. శ్రుతికి అనుకూలమైన తర్కాన్నే గ్రహించాలని మన ఆచార్యులు అన్నది ఇందుకే.

అయినా పదమూడేళ్ల విచారణలో ఆయన నమ్మకాన్ని విడువలేదు, ప్రశ్నకు జవాబు చెప్పడమూ మానలేదు. వార్ధక్యంలో చూపు మందగించి, 1656 జనవరి 16న మైలాపూరులో కన్నుమూశాడు.

పరాయి మతస్థుడు మన శాస్త్రాలను అంత శ్రమపడి చదివాడు. మన పిల్లలు ప్రశ్నించినప్పుడు కసరుకోక, వారి పక్కన కూర్చుని శాస్త్రం చెప్పడం మన విధి. మననం లేని శ్రవణం ఫలించదు.