మైకేల్ మధుసూదన దత్తు: ఖిదిర్‌పూరును, మద్రాసును

కలకత్తాలో ఏక్‌బాల్‌పూరును, దాని నానుకొనియున్న ఖిదిర్‌పూరును సాహిత్యస్థలదర్శనార్థము కాలినడకన తిరుగువారికి ముందుగా చెప్పదగిన జీవితము మైకేల్ మధుసూదన దత్తుది. 1950లో మధు బోసు నిర్మించిన చిత్రమున ఉత్పల్ దత్తు ధరించినది ఈతని పాత్రయే.

1824 జనవరి 25న జెస్సూరు మండలమందలి సాగర్‌దారిలో జన్మించెను. తండ్రి రాజనారాయణ దత్తు సదరు దివానీ అదాలతులో వకీలు, కాపురము ఖిదిర్‌పూరు. కుమారుడు హిందూ కళాశాలలో చదివి, 1843లో క్రైస్తవమతము స్వీకరించి, ఆ యింటికి దూరమయ్యెను. తండ్రి కొంతకాలము చదువునకు ధనమిచ్చి పిదప మానెను. 1848లో మద్రాసు చేరి అనాథశరణాలయ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

తెలుగువారు నిలిచి చూడవలసిన ఘట్టమిది. మరుసటి యేడు మిత్రుడు గౌరదాసు బసాకునకు వ్రాసిన లేఖలో తన దినచర్యను తెలుపుచు, మధ్యాహ్నము రెండు మొదలు ఐదు గంటలవరకు తెలుగును, సంస్కృతమును చదువుచున్నట్లు పేర్కొనెను. హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలకు వేరు గంటలు. ఇంతమాత్రముచే ఆతని కావ్యములలో తెలుగు ప్రభావమును వెదకుట సాహసమే. కాని ఆంగ్లకవి కాదలచినవాడు దేశభాషలవైపు మొగము త్రిప్పినది మద్రాసులోనే యని నా తలంపు. ఖిదిర్‌పూరు కథ చెప్పువారు ఈ మూడుగంటలను విడువరాదు.

1856లో కలకత్తాకు మరలెను. 1861లో అమిత్రాక్షర ఛందమున మేఘనాదవధ కావ్యము వెలువడెను. రావణుని పుత్రశోకమున కందు పెద్దపీట. పిమ్మట ఐరోపా, న్యాయవాదవృత్తి, అప్పులు. 1873 జూన్ 26న సహచరి హెన్రియెటా గతించెను. మూడుదినములకు అలీపూరు ఆసుపత్రిలో ఆతడును కన్నుమూసెను. బాల్యగృహమున్న ఖిదిర్‌పూరునకు అలీపూరు పొరుగే. సమాధి లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానవాటికలో కలదు.