ఇనుప కోర్‌తో మాటను పంపిన అలెగ్జాండర్సన్

మన బడి ల్యాబులో ఇనుప మేకుకు రాగితీగ చుట్టి, బ్యాటరీ కలిపి గుండుసూదులు ఎత్తిన రోజు అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ పాఠంతోనే మనిషి మాటను దూరతీరాలకు పంపినవారు ఎర్న్‌స్ట్ అలెగ్జాండర్సన్.

ఆయన 1878లో స్వీడన్‌లోని ఉప్సలాలో పుట్టారు. 1901లో అమెరికా వెళ్లి, మరుసటి ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో చేరారు. రేడియో తరంగాలు పుట్టించే ఆల్టర్నేటర్లు తయారుచేశారు. చిక్కల్లా వాటిమీదికి మాటను ఎక్కించడంలోనే. ఏరియల్‌కు వెళ్లే భారీ కరెంటును నేరుగా మోస్తే మైక్రోఫోన్ వేడెక్కిపోయేది.

అందుకని మధ్యలో ఇనుప కోర్ పెట్టారు. దానిమీది ఒక చుట్టలో కొద్దిపాటి డైరెక్ట్ కరెంటు పంపితే ఇనుము అయస్కాంతత్వంతో నిండిపోతుంది. అప్పుడు రెండో చుట్టకు హై ఫ్రీక్వెన్సీ కరెంటును అడ్డుకునే శక్తి తగ్గుతుంది. మాటను బట్టి ఆ చిన్న కరెంటు మారితే, దాని వెంటే పెద్ద కరెంటూ మారుతుంది. అదే మాగ్నెటిక్ యాంప్లిఫయర్.

1923లో ఆయన ఆరేళ్ల కొడుకును దుండగులు ఎత్తుకుపోయారు. రేడియోలో ఆ వార్త విన్న ఒక కాపలాదారు ఆచూకీ చెప్పడంతో బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాడు. జీవితమంతా రేడియోకు ఇచ్చిన తండ్రికి రేడియో తీర్చుకున్న రుణమది.

1975లో ఆయన కన్నుమూశారు. స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో ఆయన ఆల్టర్నేటర్ నేటికీ అప్పుడప్పుడు మోర్స్ సందేశం పంపుతూనే ఉంది.