కాబేజీ తోటలో లేచిన రాకెట్

పోయిన దీపావళికి సికింద్రాబాద్ జనరల్ బజారు పక్క సందులో చార్టు కాగితం, థర్మోకోలు, గమ్ము, వెదురుపుల్లలు కొని నేనొక రాకెట్ చేశాను. తారాజువ్వ కర్ర పీకేసి, మందుగొట్టాన్ని నా బొమ్మకి అడుగున కాక నెత్తిమీద కట్టాను. దానికి కారణం లైబ్రరీ పుస్తకంలో చూసిన ఒక ఫోటో. రాబర్ట్ గొడ్డార్డ్ 1926లో చేసిన రాకెట్ అది. ఇంజను పైన, ట్యాంకులు కింద. ఎడ్లు ముందుండి బండిని లాగినట్టు తిన్నగా పోతుంది కాబోలనుకున్నాను. నాది మూడు పల్టీలు కొట్టి హాస్టల్లో ఆరేసిన లుంగీకి చిల్లిపెట్టింది. లుంగీ నాదే గనక గొడవ కాలేదు. అప్పట్నుంచీ ఆ మనిషి గురించి దొరికిందల్లా చదివాను.

గొడ్డార్డ్ 1882 అక్టోబర్ 5న అమెరికాలోని వుస్టర్‌లో పుట్టాడు. చిన్నప్పుడు రోగిష్టి, చదువులో రెండేళ్ళు వెనకబడ్డాడు. 1899 అక్టోబర్ 19న ఎండుకొమ్మలు కొట్టడానికి చెర్రీచెట్టెక్కి, అంగారక గ్రహానికి పోయే యంత్రం ఒకటి ఊహించుకున్నాడట. ఏటా ఆ తేదీని పండగలా తలుచుకునేవాడు. (మా ఊళ్ళో చింతచెట్టెక్కితే నాకు కనబడింది పక్కవాళ్ళ పొలంగట్టే.) 1913లో క్షయ పట్టుకుంది, డాక్టర్లు ఆశ వదులుకున్నారు. బతికాడు. మరుసటేడే ద్రవ ఇంధన రాకెట్‌కూ, అంచెలంచెల రాకెట్‌కూ పేటెంట్లు తీసుకున్నాడు.

తర్వాత క్లార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూ, గాలి తీసేసిన గొట్టంలో రాకెట్ పేల్చి, తోసుకోడానికి గాలి అక్కర్లేదని రుజువు చేశాడు. అయినా 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం, శూన్యంలో రాకెట్ ఎలా కదులుతుందని, ఈయనకి హైస్కూలు భౌతికశాస్త్రం కూడా రాదని ఎగతాళి చేసింది. న్యూటన్ మూడో సూత్రం మరిచిపోయింది పత్రికవాళ్ళే! ఆ దెబ్బతో ఆయన నోరు కట్టేసుకున్నాడు.

1926 మార్చి 16. ఆబర్న్‌లో చుట్టాలావిడ ఎఫీ వార్డ్ కాబేజీ తోట. చుట్టూ మంచు. పెట్రోలూ ద్రవ ఆక్సిజనూ నింపిన ఆ సన్నగొట్టాల చట్రం లేచింది. 41 అడుగుల ఎత్తు, రెండున్నర సెకన్లు, 184 అడుగుల దూరంలో పడింది. చూసినవాళ్ళు నలుగురే. భార్య ఎస్తర్ కెమెరా పట్టుకుంది గాని, అది లేచే లోపే కెమెరా ఆగిపోయింది. ప్రపంచంలో మొదటి ద్రవ ఇంధన రాకెట్ అది.

మరి నాది ఎందుకు పల్టీ కొట్టినట్టు? సిగ్గుపడి పదిరోజులు ఎవరికీ చెప్పలేదు. చివరికి చెబితే మా లెక్చరరు గారు ఒక్కటే అడిగారు, జువ్వకి కర్ర ఎందుకుంటుందిరా అని. ఎడ్లు దారిని చూసి నడుస్తాయి. బొమ్మకి బిగించిన ఇంజను మాత్రం బొమ్మ ఎటు వంగితే అటే తోస్తుంది, పైనున్నా కిందున్నా ఒకటే. తోకను గాలిలో నిలబెట్టేది కర్ర. గొడ్డార్డ్ కూడా త్వరలోనే ఇంజను కిందికి దించాడు.

1929 జూలైలో ఆయన రాకెట్ చప్పుడుకి విమానం కూలిందనుకుని జనం పరుగెత్తుకొచ్చారు, అక్కడ ప్రయోగాలు వద్దన్నారు. లిండ్‌బర్గ్ చొరవతో గుగ్గెన్‌హైమ్ డబ్బు దొరికి, 1930లో న్యూమెక్సికో ఎడారిలో రాస్‌వెల్ చేరాడు. అక్కడ గైరోస్కోపుతో రాకెట్‌కి దారి నేర్పాడు. పారాచూట్లు ఎస్తర్ కుట్టేది. ఇన్ని చేసీ తన పని నలుగురితో పంచుకోలేదు. ఎగతాళి చేసినవాళ్ళ తప్పు ఉంది, నిజమే. కానీ ఆయన దాచుకోవడం వల్ల మిగతావాళ్ళు అవే తిప్పలు మళ్ళీ పడ్డారు. ఇది నాకు కష్టంగా తోస్తుంది.

1945 ఆగస్టు 10న గొంతు కాన్సరుతో పోయాడు. 214 పేటెంట్లలో 131 ఆయన పోయాక ఎస్తర్ తిరిగి సాధించినవే. 1960లో వాటికి అమెరికా ప్రభుత్వం పదిలక్షల డాలర్లిచ్చింది. 1969 జూలై 17న, అపోలో-11 బయల్దేరిన మర్నాడు, ఆ పత్రిక తప్పు దిద్దుకుంది.

ఈ దీపావళికి కర్ర పీకను. లుంగీలు కూడా లోపల ఆరేయమని హాస్టల్లో అందరికీ ముందే చెప్పేశాను.