అవార్డుకి అందని అత్తగారు

ఇవాళ టీవీలో ఏ సీరియల్ పెట్టినా ఓ గయ్యాళి అత్తగారు కనిపిస్తుంది. కనుబొమలు ఎగరేస్తూ కోడల్ని సాధిస్తుంది. ఏడాదికోసారి చానెల్ వాళ్లు వేడుక చేసి, ఉత్తమ అత్త అంటూ ఆవిడ చేతిలో ఓ జ్ఞాపికా పెడతారు. సంతోషమే! కానీ ఈ అత్తలందరికీ పెద్దత్తగారు సూర్యకాంతం. మరి ఆవిడకి ఏమిచ్చాం?

కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టిందావిడ. పద్నాలుగో సంతానం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఆటా పాటా నేర్చుకుని, హీరోయిన్ కావాలని మద్రాసు చేరింది. జెమిని స్టూడియోలో డాన్సర్‌గా నెలకి 65 రూపాయలిస్తామంటే చాలదని అడిగి 75 చేయించుకుందని చెబుతారు. నోరు విప్పి అడగడం ఆవిడకి అప్పుడే తెలుసన్నమాట!

'సౌదామిని'లో హీరోయిన్ వేషం చేతిదాకా వచ్చింది. ఇంతలో కారు ప్రమాదం, ముఖానికి గాయం... ఆ వేషం జారిపోయింది. మరోసారి ఓ హిందీ సినిమాలో అవకాశం వచ్చింది. అంతకుముందు వేరే నటిని పెట్టుకుని తీసేశారని తెలిసి, ఒకరి ఏడుపు మీద తన బాగు వద్దని వదిలేసుకుంది. 1950లో 'సంసారం' సినిమాలో గయ్యాళి అత్త వేషం వేసింది. అంతే, ఇక వెనుదిరిగి చూసుకోలేదు.

ఆ వేషాలు ఎంత కష్టమో ఎప్పుడైనా ఆలోచించామా? 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడి తల్లి హిడింబిగా చేసేనాటికి ఆవిడకి 32 ఏళ్లు. కొడుకుగా వేసిన ఎస్వీ రంగారావు ఆవిడకంటే ఆరేళ్లు పెద్ద! 1962లో 'గుండమ్మ కథ'లో జమునకి తల్లి. నిజానికి ఇద్దరికీ తేడా పన్నెండేళ్లే. ఎన్టీఆర్, ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్... ఇంతమంది ఉన్న సినిమాకి పేరు మాత్రం ఆవిడ పాత్రదే. ఆ ఎడమచెయ్యి తిప్పడం, ఆ గొంతు, మాటకి మాట అంటించే ఆ వేగం ఇంకెవరికి వచ్చాయి?

పద్మ పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. ఎన్నో సినిమాల్లో ఆవిడకి జంటగా నటించిన రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన అందుకు తగినవారే. సూర్యకాంతానికి మాత్రం పోయేదాకా ఏ పద్మమూ రాలేదు. ఇక జాతీయ సినిమా అవార్డులంటారా? ఉత్తమ నటుడు, నటి బహుమతులు 1967 నాటి చిత్రాలతో మొదలైతే, సహాయ నటి అనే విభాగం 1984 చిత్రాలకి గానీ రాలేదు. అప్పటికి ఆవిడకి అరవై! అంటే ఆవిడ మంచి జోరుమీదున్న రోజుల్లో ఆ పనికి బహుమతి గడే లేదు. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలి పని ఏ లెక్కలోకీ రానట్టే ఇదీనూ. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వడం కాస్త ఊరట.

బయట ఆవిడ ఎలాంటి మనిషని? ఇంట్లో వండినవి షూటింగుకి పట్టుకెళ్లి, పెద్దా చిన్నా లేకుండా అందరికీ పెట్టేదిట. 1994లో 'ఎస్.పి. పరశురాం' దాకా నటిస్తూనే ఉంది. ఆ ఏడు డిసెంబరులో కన్నుమూసింది.

మనమూ ఏం తక్కువ తినలేదు. అంత అందమైన పేరు ఆడపిల్లకి పెట్టుకోడానికి జంకాం. గట్టిగా మాట్లాడిన ఆడదాన్ని 'అమ్మో సూర్యకాంతం!' అంటూనే ఉన్నాం. నటనని నిజమనుకునేలా చేసినందుకు ఆవిడకి ముట్టింది ఆ నిందే!

ఈసారి టీవీలో 'గుండమ్మ కథ' వస్తే, దుర్గమ్మగా ఛాయాదేవి చేతిలో గుండమ్మ పాట్లు పడే ఘట్టం కాస్త నిదానంగా చూడండి. అంతసేపూ తిట్టుకున్న మనిషి మీదే జాలి పుడుతుంది. గయ్యాళితనంతోబాటు ఆ జాలినీ పుట్టించిన నటి ఆవిడ!